చదవడం వచ్చు, అర్థం రాదు: ఇండోనేషియా మదరసాల్లో అరబ్బీ బోధన

ఇండోనేషియాలో ఆరో తరగతి పూర్తిచేసి మదరసా సనావియాలో, అంటే ఇస్లామిక్ మాధ్యమిక పాఠశాలలో, అడుగుపెట్టే పిల్లల్లో చాలామందికి అరబ్బీ లిపి అప్పటికే వచ్చి ఉంటుంది. ఊళ్లోని మసీదులోనో, దగ్గర్లోని గురువుగారి ఇంట్లోనో సాయంత్రాలు కూర్చుని వాళ్లు ఖురాన్‌ను తజ్వీద్ నియమాలతో చదవడం నేర్చుకుంటారు. ఏ అక్షరం గొంతు లోపలి నుంచి రావాలి, ఏది నాలుక కొసతో పలకాలి, ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ ఆపాలి అనేది వాళ్లకు బాగా తెలుసు. పఠనానికి అక్కడ ఉన్న గౌరవం చిన్నది కాదు. 1968లో మకస్సర్ నగరంలో మొదలైన జాతీయ స్థాయి ఖురాన్ పఠన పోటీలు ఇప్పటికీ పెద్ద ఉత్సవంలా సాగుతున్నాయి. అంత చక్కగా చదివిన పిల్లవాడిని ఆపి, ఇప్పుడు చదివిన వాక్యంలో క్రియ ఏది, ఆ పని చేసింది ఎవరు అని అడిగితే మాత్రం జవాబు రాదు. ఉచ్చారణకూ అర్థానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని తగ్గించడమే మాధ్యమిక స్థాయి అరబ్బీ బోధన అసలు పని కావాలి. ఆచరణలో ఆ పని ఎందుకు వెనకబడిపోతున్నదో చూడాలంటే ముందుగా ఆ బడుల ఏర్పాటును చూడాలి.

అక్కడి మదరసాలు విద్యాశాఖ కింద ఉండవు; 1946లో ఏర్పడిన మత వ్యవహారాల మంత్రిత్వశాఖ కింద నడుస్తాయి. ఆరేళ్ల ఇబ్తిదాయియా, మూడేళ్ల సనావియా, మూడేళ్ల ఆలియా అనేవి వాటి మూడు మెట్లు. ప్రభుత్వం నేరుగా నడిపేవి తక్కువ, అత్యధికం ప్రైవేటువి. 1975లో ముగ్గురు మంత్రులు కలిసి జారీచేసిన ఉత్తర్వు వీటి రూపురేఖలను మార్చివేసింది. బోధనలో 70 శాతం గణితం, విజ్ఞానశాస్త్రం వంటి సాధారణ పాఠ్యాంశాలకూ 30 శాతం మత పాఠ్యాంశాలకూ కేటాయిస్తే, మదరసా సర్టిఫికెట్‌కు మామూలు బడి సర్టిఫికెట్‌తో సమాన విలువ ఉంటుందని ఆ ఉత్తర్వు సారాంశం. దానివల్ల మదరసా పిల్లలకు సాధారణ విశ్వవిద్యాలయాల తలుపులు తెరుచుకున్నాయి. లక్షల కుటుంబాలకు అది మేలు చేసిన నిర్ణయం. అయితే మిగిలిన 30 శాతాన్ని ఖురాన్, హదీసు (ప్రవక్త మాటలూ చేతల ఉల్లేఖనాలు), విశ్వాస నీతి పాఠాలు, ధర్మశాస్త్రం, ఇస్లామిక్ చరిత్ర పంచుకోగా మిగిలిన కొద్ది భాగమే అరబ్బీకి దక్కింది. మతశాస్త్రాలన్నిటికీ మూలభాషగా ఉన్న అరబ్బీ, ఆ ఏర్పాటులో అనేక సబ్జెక్టుల మధ్య మరొక సబ్జెక్టు అయిపోయింది.

సనావియాలో వారానికి మూడు పీరియడ్లు, ఒక్కొక్కటి 40 నిమిషాలు. అంటే వారానికి రెండు గంటలు. సెలవులూ పరీక్షలూ పోను ఏడాదికి 70 గంటలు మిగిలితే గొప్ప. ఆలియాలో తరగతిని బట్టి వారానికి రెండు నుంచి నాలుగు పీరియడ్లు ఉంటాయి. రెండు దశలూ కలిపి ఆరేళ్లలో పిల్లవాడికి అందే అరబ్బీ తరగతి సమయం 400 గంటల చుట్టుపక్కలే ఉంటుంది. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పడానికి నడిపే సంస్థ, ఇంగ్లీషు మాట్లాడే పెద్దవాళ్లకు అరబ్బీలో వృత్తికి సరిపడే నేర్పు రావడానికి సుమారు 2,200 తరగతి గంటలు కావాలని అంచనా వేస్తుంది. వాళ్లు జీతం తీసుకుంటూ రోజంతా అదే పనిగా నేర్చుకునే ఎంపిక చేసిన విద్యార్థులు, లక్ష్యమూ వేరు. అందుకని ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం సరికాదు. కానీ 400 గంటల్లో వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అనే నాలుగు నేర్పులనూ సమానంగా సాధించాలని పాఠ్యప్రణాళిక కోరినప్పుడు, ఆ కోరిక ఎంత బరువైనదో ఈ అంకెలు చెబుతాయి. పద్ధతుల గురించి జరిగే చర్చల్లో అధికభాగం ఈ గంటల లెక్కను తప్పించుకుని సాగుతుంది. ఏ పద్ధతి మంచిది అన్న ప్రశ్నకు ముందే, ఉన్న సమయంలో దేనికోసం నేర్పుతున్నాం అన్న ప్రశ్న తేలాలి.

ఇండోనేషియాలో ఈ ప్రశ్నకు రెండు స్పష్టమైన జవాబులు చాలాకాలంగా ఉన్నాయి. మొదటిది సంప్రదాయ పెసాంత్రెన్లది. పెసాంత్రెన్ అంటే గురువు చుట్టూ విద్యార్థులు నివాసముండి చదువుకునే ఇస్లామిక్ విద్యాలయం. కెదిరిలోని లిర్బోయో, జోంబాంగ్‌లో 1899లో హాషిం అష్అరీ స్థాపించిన తెబుఇరెంగ్ వంటివి జావాలో ఈ సంప్రదాయానికి పేరుపొందిన చోట్లు. అక్కడ అరబ్బీ నేర్చుకోవడం అంటే పుస్తకం చదవగలగడం. పసుపు కాగితం మీద అచ్చయ్యే పాత శాస్త్రగ్రంథాల్లో హరకత్‌లు, అంటే హ్రస్వాచ్చులను తెలిపే గుర్తులు, ఉండవు. వ్యాకరణం తెలియనివాడు అక్కడ ఒక్క పదాన్ని కూడా సరిగా పలకలేడు, ఎందుకంటే పదం చివర ఏ అచ్చు పలకాలో నిర్ణయించేది ఆ పదానికి వాక్యంలో ఉన్న స్థానం. అందుకే విద్యార్థులు చిన్న వ్యాకరణ గ్రంథంతో మొదలుపెట్టి, వెయ్యి పద్యాల వ్యాకరణాన్ని కంఠస్థం చేసేదాకా వెళతారు.

ఆ బోధన తీరును దగ్గరగా చూడటం అవసరం. గురువు ఒక్కొక్క పదం చదివి జావా భాషలో అర్థం చెబుతుంటే, విద్యార్థులు ఆ అర్థాన్ని అరబ్బీ లిపిలో రాసే జావా భాషలో, పంక్తుల మధ్య సన్నగా, ఏటవాలుగా రాసుకుంటారు. ఇక్కడ ప్రత్యేకత ఏమిటంటే, ప్రతి అర్థానికీ ముందు ఒక వ్యాకరణ సూచిక తప్పనిసరిగా వస్తుంది. నామవాక్యంలో, అంటే క్రియతో కాక నామంతో మొదలయ్యే వాక్యంలో, కర్తకు ‘ఉతావీ’, కర్త గురించి చెప్పే మాటకు ‘ఇకు’, క్రియ చేసినది మనిషైతే ‘సొపొ’, వస్తువైతే ‘ఒపొ’, కర్మకు ‘ఇంగ్’. తెలుగులో కావ్యపాఠానికి ప్రతిపదార్థం చెప్పే పద్ధతి తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు; అర్థమూ అన్వయమూ ఒకే నోట వెలువడతాయి. అర్థం చెబుతూనే వాక్య నిర్మాణాన్ని విప్పి చూపే ఈ ఏర్పాటు, ఏ ఆధునిక శిక్షణ కళాశాలా రూపొందించనిది, శతాబ్దాల తరగతి అనుభవంలో పుట్టినది. దీనిని పాతకాలపు అనువాద పద్ధతి అని కొట్టిపారేయడం అన్యాయం. కాకపోతే ఇది ఏళ్ల తరబడి సమయం అడుగుతుంది, పైగా ఇలా నేర్చుకున్న పండితుడు కఠినమైన ధర్మశాస్త్ర గ్రంథాన్ని విప్పి చెప్పగలిగినా, అరబ్బీలో ఒక ఉత్తరం రాయడానికి తడబడవచ్చు.

రెండో జవాబు గోంతోర్ ఇచ్చింది. తూర్పు జావాలోని పొనొరోగో దగ్గర గోంతోర్ గ్రామంలో 1926లో ముగ్గురు అన్నదమ్ములు, అహ్మద్ సహల్, జైనుద్దీన్ ఫనానీ, ఇమాం జర్కషీ, దారుస్సలాం విద్యాలయాన్ని మొదలుపెట్టారు. జర్కషీ పశ్చిమ సుమత్రాలో, కైరో దారుల్ ఉలూంలో చదివివచ్చిన మహ్మూద్ యూనుస్ దగ్గర చదువుకున్నాడు. మాతృభాష మధ్యవర్తిత్వం లేకుండా అరబ్బీని అరబ్బీలోనే నేర్పాలన్న ప్రత్యక్ష పద్ధతిని యూనుస్ బలంగా ప్రచారం చేశాడు. 1936లో జర్కషీ గోంతోర్‌లో ఆరేళ్ల ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలను ఆ పద్ధతి మీద నిలబెట్టాడు. మొదటి ఏడాది వ్యాకరణం ఊసే ఉండదు. వస్తువు చూపి పేరు చెప్పడం, చేసి చూపి క్రియ చెప్పడం, దాంతో వాక్యం చేయించడం. భాష కొంత పట్టుబడ్డాకే వ్యాకరణ నియమాలు వస్తాయి, అవీ అరబ్బీలోనే.

గోంతోర్ విజయంలో తరగతి గది వాటా సగం కూడా కాదు. తెల్లవారుజామున కొత్త పదాలు, వారంలో నిర్ణీత రోజుల్లో జంటలుగా సంభాషణ సాధన, ఉపన్యాస సాధన, ఒక విడత అరబ్బీ, మరో విడత ఇంగ్లీషు మాత్రమే మాట్లాడాలన్న నియమం, ఇవన్నీ నిద్రలేచింది మొదలు పడుకునేదాకా పిల్లవాడిని భాషలో ఉంచుతాయి. కొత్తగా చేరినవాళ్లకు కొన్ని నెలల గడువు ఇస్తారు. ఆ తర్వాత ఇండోనేషియా భాషలోనో జావా భాషలోనో మాట్లాడితే శిక్ష ఉంటుంది. అలా మాట్లాడినవాళ్ల పేర్లు తోటి విద్యార్థులే రహస్యంగా అందజేసే ఏర్పాటు కూడా ఉంది. పిల్లలను ఒకరిమీద ఒకరిని నిఘా పెట్టే ఈ భాగాన్ని సమర్థించడం కష్టం. దానివల్ల పిల్లల నోట మాట వస్తుందేమో కానీ, తప్పు మాట్లాడతామన్న భయం లేకుండా ప్రయత్నించే ధైర్యం రాదు. భాష నేర్చుకోవడానికి ఆ ధైర్యమే ప్రాణం. ఈ లోపం ఉన్నా, అరబ్ దేశంలో కాలుపెట్టకుండానే అరబ్బీలో గలగలా మాట్లాడే యువకులను వేల సంఖ్యలో తయారుచేసిన చోటుగా గోంతోర్ పేరు తెచ్చుకుంది, అక్కడ చదివినవాళ్లు దేశమంతా అదే నమూనాలో విద్యాలయాలు నెలకొల్పారు.

ప్రభుత్వ పాఠ్యప్రణాళిక చిక్కంతా ఇక్కడే ఉంది. సంభాషణ ఆధారిత పాఠాలు, నాలుగు నేర్పుల లక్ష్యం ఆధునిక పద్ధతుల నుంచి తీసుకున్నారు, కానీ ఆ పద్ధతిని మోసిన ఇరవైనాలుగు గంటల వాతావరణం పగటిబడిలో లేదు. మధ్యాహ్నం ఇంటికి వెళ్లిపోయే పిల్లవాడికి మళ్లీ ఆ భాష వినబడేది మరుసటి పీరియడ్‌లోనే. ఈ సంగతి మంత్రిత్వశాఖకు తెలియనిదేమీ కాదు. 1987లో మునావిర్ షాద్జలీ మంత్రిగా ఉన్నప్పుడు ఆలియా స్థాయిలో ప్రత్యేక కార్యక్రమం ఒకటి ప్రారంభించారు. ఎంపిక చేసిన విద్యార్థులను హాస్టల్లో ఉంచి, మత పాఠ్యాంశాల వాటాను 70 శాతానికి పెంచి, అరబ్బీకి పెద్దపీట వేశారు. 1975 నాటి లెక్కను తలకిందులు చేస్తే తప్ప అరబ్బీ గ్రంథాలు చదవగల విద్యార్థులు తయారుకారని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. అది కొద్దిమంది కోసం చేసిన ఏర్పాటు. మామూలు మదరసాలో మిగిలిన అసంఖ్యాకులకు మాత్రం లక్ష్యాలు పెద్దవిగానే, గంటలు తక్కువగానే ఉండిపోయాయి.

పాఠ్యపుస్తకాన్ని తెరిచి చూస్తే ఈ స్పష్టత లేని లక్ష్యం ఫలితం కనిపిస్తుంది. ఏడో తరగతిలో తనను తాను పరిచయం చేసుకోవడం, బడిలోని వస్తువులు, రంగులు, చిరునామా, ఇల్లు, కుటుంబ దినచర్య. పదో తరగతికి వచ్చేసరికి మళ్లీ పలకరింపులూ పరిచయాలూ, మళ్లీ కుటుంబమూ ఇల్లూ, మళ్లీ బడి, రోజువారీ జీవితం. ఇందుకు కారణం లేకపోలేదు. ఆలియాలో చేరేవాళ్లలో సనావియా నుంచి వచ్చినవాళ్లతోపాటు, అరబ్బీ ముఖమే చూడని సాధారణ మాధ్యమిక పాఠశాలల నుంచి వచ్చినవాళ్లూ, పెసాంత్రెన్‌లో వ్యాకరణం దంచినవాళ్లూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ముగ్గురికీ ఒకే పుస్తకం ఇవ్వాలి కాబట్టి, పుస్తకం మొదటి మెట్టు దగ్గరే ఆగి అందరినీ కలుపుకుపోవాలని చూస్తుంది. ఒకరికి అది విసుగు, మరొకరికి అర్థంకాని గందరగోళం. చేరే రోజున ఒక చిన్న స్థాయి పరీక్ష పెట్టి, అరబ్బీ పీరియడ్‌కు మాత్రం విద్యార్థులను తరగతితో నిమిత్తం లేకుండా మూడు గుంపులుగా కూర్చోబెట్టడానికి డబ్బు పెద్దగా అవసరం లేదు. టైంటేబుల్ కాస్త సర్దుకోవాలి, అంతే.

పగటిబడి మదరసా తన పరిమితిని గుర్తించి చదివి అర్థం చేసుకోవడాన్నే ప్రధాన లక్ష్యంగా ఎంచుకుంటే, ఆ 400 గంటలకు ఒక దారి కనిపిస్తుంది. ఎందుకంటే చదివే పనిలో మదరసా పిల్లవాడు ఖాళీ చేతులతో మొదలుపెట్టడం లేదు. లిపి వచ్చు, ఉచ్చారణ వచ్చు, వందల వాక్యాలు నోటికి వచ్చు. ఐదు పూటల తప్పనిసరి నమాజుల్లో 17 రకాతులు, అంటే ప్రార్థనావృత్తులు, ఉంటాయి; ప్రతి రకాతులోనూ ఖురాన్ మొదటి అధ్యాయమైన ఏడు వాక్యాల ఫాతిహా సూరా చదువుతారు. ప్రపంచంలో విదేశీ భాష నేర్చుకునే మరే విద్యార్థికీ ఇంతగా వల్లెవేసిన పాఠం ముందుగా చేతిలో ఉండదేమో. ‘అల్‌హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్’ (సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే స్తుతి) అన్న ఒక్క వాక్యాన్ని తీసుకుంటే, ‘హమ్దు’ చివరి ఉకారం అది కర్త అని చెబుతుంది. ‘లి’ అనే విభక్త్యర్థక పదం ముందు రావడంతో ‘అల్లాహ్’ శబ్దం చివర ఇకారం వచ్చింది. దానికి విశేషణంగా నిలిచిన ‘రబ్బి’ కూడా అదే ఇకారాన్ని తీసుకుంది. ‘రబ్బి’, ‘ఆలమీన్’ పక్కపక్కన నిలిచి షష్ఠీ సంబంధాన్ని చూపాయి. చివరి ‘ఈన్’ బహువచనం. నామవాక్యం, విభక్తులు, షష్ఠీ సంబంధం, బహువచనం, ఇన్ని సంగతులు పిల్లవాడు ఇప్పటికే తప్పులేకుండా పలుకుతున్న వాక్యంలోనే ఉన్నాయి. ‘ఇయ్యాక నఅబుదు’ (నిన్నే ఆరాధిస్తాము) దగ్గరికి వస్తే కర్మ క్రియకు ముందు వచ్చి నిలిచింది, క్రియ మొదట్లోని ‘న’ మేము అనే అర్థాన్ని మోస్తున్నది. ఎప్పుడూ పలికేది ఎందుకు అలా పలుకుతామో తెలిసిన రోజున పిల్లవాడి ముఖంలో కనిపించే వెలుగు, పరిచయ సంభాషణను మూడోసారి బట్టీపట్టించడం వల్ల రాదు.

పవిత్ర వాక్యాలను వ్యాకరణ కసరత్తుకు వాడటం మర్యాద కాదనే అభ్యంతరం కొందరికి ఉంది. కానీ పెసాంత్రెన్లలో వ్యాకరణ ఉదాహరణలకు ఖురాన్ వాక్యాలు తీసుకోవడం శతాబ్దాలుగా ఉన్నదే. అరబ్బీ వ్యాకరణశాస్త్రం వికసించడంలోనే ఖురాన్‌ను సరిగా చదవాలన్న తపనకు పెద్ద పాత్ర ఉంది. పిల్లలకు నోటికి వచ్చిన ఈ వాక్యాలు మొదటి వనరైతే, రెండో వనరు ఇండోనేషియా భాషలోనే ఉంది. ఆ దేశపు ప్రజా సంప్రదింపుల సభ పేరులో మజెలిస్, ముషావరా, రక్యత్ అనే మూడు మాటలకూ మూలం అరబ్బీయే. కుర్సీ, వక్తు, ఇల్ము, హుకుమ్, అదిల్, దునియా, సెహత్ వంటివి అక్కడి పిల్లల రోజువారీ మాటలు. కొన్నిటి అర్థం దారిలో మారింది, ఆ జాగ్రత్త అవసరమే. అయినా మొదటి ఏడాది పదజాలంలో మంచి భాగం పిల్లలకు తెలిసినదే అని ఉపాధ్యాయుడు గుర్తుచేస్తే, కొత్త భాష అన్న బెదురు సగం తగ్గుతుంది.

బెదురు నిజంగా ఉండేది క్రియ దగ్గర. ఇండోనేషియా భాషలో క్రియ కర్తను బట్టి మారదు. రాసింది అతడైనా ఆమె అయినా మేమైనా, నిన్నైనా రేపైనా క్రియారూపం ఒకటే. కాలాన్ని వేరే మాటలు చెబుతాయి. నామవాచకాలకు వ్యాకరణ లింగం లేదు, ద్వివచనం లేదు. అలాంటి భాష మాట్లాడే పిల్లవాడి ముందు ఒకే ధాతువుకు భూతకాలంలోనే 14 గడుల పట్టిక పెట్టి అప్పజెప్పమంటారు. ‘రాశాడు, రాసింది, రాశారు, రాశాను’ అని పుట్టినప్పటినుంచీ మార్చి మార్చి పలికే తెలుగు పిల్లలకు ఈ ఆలోచన కొత్తది కాదు. ఇండోనేషియా పిల్లవాడికి మాత్రం క్రియ ఎందుకు మారాలన్నదే అర్థంకాని విషయం. కాబట్టి ఇక్కడ నిదానం కావాలి. పట్టికను మొదటి నెలలోనే ముగించడం కంటే, చదివే పాఠాల్లో ఎక్కువగా ఎదురయ్యే నాలుగైదు రూపాలను గుర్తుపట్టగలిగేలా చేసి, మిగిలినవి వచ్చినప్పుడు చేర్చుకుంటూ పోవడం మేలు. గుర్తుపట్టడం సొంతంగా తయారుచేయడం కంటే తేలిక. చదవడానికి అదే సరిపోతుంది.

అరబ్బీ ఏ భాష ద్వారా నేర్పుతున్నారన్నది మరొక చిక్కు. పశ్చిమ జావాలో సుండా భాష మాట్లాడే విద్యార్థులు కూడా ఒకప్పుడు పెసాంత్రెన్‌లో జావా భాషలోనే అర్థాలు రాసుకునేవారు. అంటే అరబ్బీని చేరడానికి ముందు మరో పరాయి భాషను దాటాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ ఈ అనుభవం ఉంది. దర్సె నిజామీ పాఠ్యక్రమాన్ని అనుసరించే మదరసాల్లో బోధన ఉర్దూలో సాగుతుంది. ఇంట్లో తెలుగు మాత్రమే మాట్లాడే ముస్లిం కుటుంబాల పిల్లలు ముందు ఉర్దూ పట్టుకుని, ఆ తర్వాత దాని ద్వారా అరబ్బీ వ్యాకరణం నేర్చుకోవలసి వస్తుంది. తారీఖు, జవాబు, వకీలు, హక్కు, రద్దు, హాజరు, జిల్లా అంటూ అరబ్బీ మూలమున్న మాటలను రోజూ వాడే తెలుగులో, అరబ్బీ నేర్పే మంచి ప్రాథమిక వాచకాల అవసరం ఎంతో ఉంది. జావాలో పండితులు ‘ఉతావీ, ఇకు’ అంటూ తమ భాషలో వ్యాకరణ సూచికలు కట్టుకున్నట్టే, విభక్తులతో నిండిన తెలుగులో అంతకంటే సులువుగా కట్టుకోవచ్చు.

ఇక ఉపాధ్యాయుల సంగతి. ఇండోనేషియాలో అరబ్బీ పంతుళ్లలో ఎక్కువమంది ఇస్లామిక్ విశ్వవిద్యాలయాల అరబ్బీ బోధన విభాగాల నుంచి వస్తారు. మలాంగ్‌లోని ప్రభుత్వ ఇస్లామిక్ విశ్వవిద్యాలయం మొదటి ఏడాది విద్యార్థులందరికీ, వాళ్లు చదవబోయేది ఏ శాస్త్రమైనా సరే, ప్రత్యేకంగా సాంద్రమైన అరబ్బీ శిక్షణ ఇస్తుంది. అది మెచ్చుకోవలసిన ఏర్పాటే, కానీ మదరసాలో ఆరేళ్లు అరబ్బీ చదివి వచ్చినవాళ్లకూ ఆ శిక్షణ అవసరపడుతున్నదంటే మాధ్యమిక స్థాయిలో ఏం మిగలలేదో తెలుస్తుంది. కింది తరగతుల్లో గట్టిపడని పునాదిని పై తరగతుల్లో ఖర్చుపెట్టి మళ్లీ వేయడం జరుగుతున్నది.

ఉపాధ్యాయుడు ఎంత మంచివాడైనా చివరకు తరగతి బోధన పరీక్ష వైపే వంగుతుంది. పాఠంలోని సంభాషణలో ఖాళీ పూరించమనీ, నాలుగింటిలో సరైన పదం గుర్తించమనీ అడిగినంత కాలం పిల్లలు పాఠాన్ని కంఠస్థం చేస్తారు, భాషను కాదు. దానికి బదులు సనావియా చివర, పుస్తకంలో లేని, హరకత్ గుర్తులున్న పది వాక్యాల చిన్న కథ ఇచ్చి, ఎవరు ఏం చేశారో ఇండోనేషియా భాషలో రాయమని అడగవచ్చు. ఆలియా చివర గుర్తులు లేని ఒక పేరా ఇచ్చి, గుర్తులు పెట్టి చదివి, ఎందుకు అలా పెట్టారో రెండు పదాలకైనా చెప్పమనవచ్చు. నిఘంటువు దగ్గర ఉంచుకోనివ్వాలి, ఎందుకంటే ధాతువు పట్టుకుని నిఘంటువులో పదం వెతకగలగడం అరబ్బీలో సగం చదువు. ఇలాంటి ప్రశ్నపత్రాన్ని మొదట కొన్ని జిల్లాల్లో ప్రవేశపెట్టి, పాఠ్యపుస్తకాలను దానికి తగినట్టు తిరగరాయడం మంత్రిత్వశాఖ చేతిలో ఉన్న పని. దీనికి అదనపు పీరియడ్ ఒక్కటి కూడా అక్కర్లేదు.